ఒకే కొండ, రెండు దేశాలు, మూడు పేర్లు: ఫ్రియూలీ వంటకూ వైన్‌కూ హద్దు ఎక్కడ?

2025 డిసెంబరులో దిల్లీ ఎర్రకోటలో జరిగిన యునెస్కో సమావేశం మన దీపావళిని అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సమావేశంలో ఇటలీ వంటకూ ఆ గౌరవం దక్కింది. ఇటలీ వంట అనగానే మనలో చాలామందికి పాస్తా, పిజ్జా, టమాటా, ఆలివ్ నూనె గుర్తుకొస్తాయి. కానీ ఇటలీ ఈశాన్య మూలన సముద్రపు ఒడ్డున ఉన్న త్రియెస్తే నగరంలో ఏదైనా పాత భోజనశాలలో కూర్చుంటే, ముందుకు వచ్చే పళ్లెంలో ఉడికించిన పంది మాంసం, దాని పక్కన పులియబెట్టిన క్యాబేజీ, పైన ముక్కుకు ఘాటెక్కే క్రెన్ అనే వేరు తురుము ఉంటాయి. మరో గిన్నెలో మాంసానికి సమానంగా ఉల్లిపాయ వేసి మగ్గబెట్టిన గూలాష్ వస్తుంది. చివరికి తినేది ఆపిల్ ముక్కలు చుట్టిన ష్ట్రూడెల్. వీటిలో ఏది ఇటలీది, ఏది ఆస్ట్రియాది, ఏది హంగరీది, ఏది స్లోవేనియాది అన్న ప్రశ్న అక్కడి వంటవాళ్లకు పెద్దగా పట్టదు. కానీ అదే ప్రశ్న వైన్ సీసా మీద అంటించే చీటీ దగ్గరికి వచ్చేసరికి న్యాయస్థానాల దాకా వెళ్లింది. వంటింట్లో తగాదా లేని పేరు అంగట్లో ఎందుకు తగాదా అయిందో అర్థం కావాలంటే, ముందు ఆ నేల ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి మారిందో తెలియాలి.

మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీతలు కదిలాయి

ఈ ప్రాంతం పేరు ఫ్రియూలీ వెనేజియా జూలియా. ఉత్తరాన ఆస్ట్రియా, తూర్పున స్లోవేనియా, దక్షిణాన ఏడ్రియాటిక్ సముద్రం ఉన్నాయి. జనాభా సుమారు 12 లక్షలు. 1963లో దీనికి ప్రత్యేక ప్రతిపత్తి గల స్వయంపాలిత ప్రాంతంగా హోదా వచ్చింది. ఇటాలియన్‌తో పాటు ఫ్రియూలియన్, స్లోవేన్, జర్మన్ భాషలు మాట్లాడేవారు ఇక్కడ తరతరాలుగా ఉన్నారు. ఫ్రియూలియన్‌ను ఇటాలియన్‌కు యాసగా భావించేవారు ఉన్నా, ఇటలీ 1999లో చేసిన అల్పసంఖ్యాక భాషల చట్టం దాన్ని విడి భాషగానే గుర్తించింది.

ఈ ప్రాంతంలో రెండు చరిత్రలు కలిసి ఉన్నాయి. పడమటి భాగమైన ఫ్రియూలీ 1420 నుంచి 1797 వరకు వెనిస్ గణతంత్రం కింద ఉండి, ఆ తర్వాత ఎక్కువ కాలం ఆస్ట్రియా ఏలుబడిలో గడిపి, 1866లో ఇటలీలో చేరింది. తూర్పున ఉన్న త్రియెస్తే మాత్రం 1382 నుంచి ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు నీడలో ఉంది. 1719లో దాన్ని సుంకాలు లేని రేవుగా ప్రకటించడంతో మధ్య ఐరోపా మొత్తానికి సముద్రద్వారమై, గ్రీకులు, యూదులు, సెర్బులు, జర్మన్లు, స్లోవేన్లు వచ్చి స్థిరపడిన నగరంగా పెరిగింది. త్రియెస్తే, గొరీజియా మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే ఇటలీ చేతికి వచ్చాయి.

ఒక ఉదాహరణతో చూస్తే ఈ మార్పుల బరువు తెలుస్తుంది. 1910లో గొరీజియా పక్కన కొండమీది పల్లెలో పుట్టిన ఒక స్లోవేన్ రైతుబిడ్డ ఉందనుకుందాం. ఆమె పుట్టింది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో. బడికి వెళ్లే వయసుకు ఆ ఊరు ఇటలీది అయింది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, ఆ వెంటనేనూ సైనిక పాలనలు వచ్చి పోయాయి. 1947లో ఊరు యుగోస్లావియాలో పడింది. ఎనభై ఏళ్లు దాటి బతికి ఉంటే, 1991లో స్వతంత్ర స్లోవేనియా పౌరురాలిగా మారి ఉండేది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆమె పొయ్యి మీద ఉడికింది ఒకటే పులుసు.

ఆ గిన్నెలో ఉడికేది

ఆ పులుసు పేరు యోత. చిక్కుడు గింజలు, బంగాళదుంపలు, పులియబెట్టిన క్యాబేజీ, ఓ ముక్క పొగబెట్టిన పంది మాంసం కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. కొన్ని ఊళ్లలో క్యాబేజీకి బదులు పులియబెట్టిన టర్నిప్ దుంప వేస్తారు. స్లోవేనియాలోనూ, త్రియెస్తేలోనూ దాన్ని ఇదే పేరుతో పిలుస్తారు, ఫ్రియూలియన్‌లో పేరు కాస్త మారుతుంది. మన గోంగూర, చింతపండు లాగే ఇక్కడి వంటకు పులుపే ప్రాణం. అయితే ఆ పులుపు ఆకునుంచో కాయనుంచో కాకుండా, చలికాలం కోసం కూరగాయల్ని పులియబెట్టి నిల్వచేయడం నుంచి వస్తుంది. బ్రొవాదా అనే మరో వంటకంలో టర్నిప్ దుంపల్ని వైన్ తీసిన ద్రాక్ష పిప్పిలో కనీసం నెల రోజులు ఊరనిస్తారు. ఆ పిప్పిలోని ఎర్రటి రంగు, పులుపు దుంపకు ఎక్కుతాయి. ఒక పంట వదిలేసిన పిప్పి ఇంకో పంటకు నిల్వ ద్రవ్యం కావడం పేదరికంలోంచి పుట్టిన తెలివి. దీనికి ఇప్పుడు ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు ఉంది.

ఫ్రియూలీ కొండల వంట ఫ్రీకో. మొంతాజియో అనే ఆవుపాల చీజ్‌ను తురిమి, సన్నగా తరిగి మెత్తబడేలా వేయించిన బంగాళదుంప, ఉల్లిపాయలతో కలిపి పెనం మీద పరుస్తారు. చీజ్ కరిగి, దానిలోని నెయ్యి బయటికొచ్చి, ఆ నెయ్యిలోనే అడుగు భాగం వేగి బంగారు రంగు పొరగా గట్టిపడుతుంది. అప్పుడు దిబ్బరొట్టెను తిప్పినట్టు ఒక్కసారిగా తిరగేసి రెండో వైపు వేయిస్తారు. పైన కరకర, లోపల సాగుడు. వేరే నూనె దాదాపు అక్కర్లేదు.

తీపి విషయానికొస్తే తూర్పు లోయల గుబానా ఉంది. అక్రోట్లు, ఎండుద్రాక్ష, పైన్ గింజలు నింపిన పిండిని నత్తగుల్లలా చుట్టి కాలుస్తారు. మడత అనే అర్థమున్న స్లోవేన్ మాట నుంచి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. రేగుపండంత నుంచి నిమ్మకాయంత దాకా ఉండే ప్లమ్ పండును బంగాళదుంప పిండిలో మూసి ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టెపొడి, దాల్చినచెక్క పొడి చల్లే ఉండలు కూడా ఇక్కడివే. వాటిని త్రియెస్తేలో ఇటాలియన్ పేరుతో న్యోకీ అంటారు, వియన్నాలో క్నోడెల్ అంటారు, స్లోవేనియాలో ఇంకో పేరు. త్రియెస్తేలో దొరికే ఒక లావుపాటి సాసేజ్‌ను 'లుగానిగే దె క్రాన్యో' అని పిలుస్తారు. క్రాన్యో అంటే స్లోవేనియాలోని క్రాన్యిస్కా ప్రాంతం. అంటే ఆ పేరులోనే, ఇది పక్కింటినుంచి వచ్చిందన్న ఒప్పుకోలు దాచకుండా ఉంది.

'కలగలుపు' అన్న మాటను ఎంతవరకు నమ్మాలి?

పర్యాటక ప్రచారాల్లో ఈ ప్రాంతాన్ని లాటిన్, స్లావ్, జర్మానిక్ సంస్కృతుల సంగమంగా వర్ణిస్తారు. 2025లో ఇటలీలోని గొరీజియా, దాని ఆనుకుని స్లోవేనియాలో ఉన్న నోవా గొరిత్సా కలిసి ఐరోపా సాంస్కృతిక రాజధానిగా నిలిచిన ఏడాదిలో ఆ వర్ణన మరింత వినిపించింది. అందులో నిజముంది. త్రియెస్తే చుట్టుపక్కల రైతులు ఏడాదిలో కొన్ని రోజులు తమ ఇంట్లోనే సొంత వైన్, సొంత మాంసం అమ్మే ఒస్మిత్సా అనే ఆచారం ఇప్పటికీ బతికే ఉంది. దారి మలుపులో వేలాడదీసిన ఐవీ తీగ కొమ్మే అమ్మకం ఉందన్న గుర్తు. 1784లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్ ఇచ్చిన అనుమతికి, ఎనిమిది అనే అర్థమున్న స్లోవేన్ మాటకు ఈ ఆచారంతో ముడి ఉంది. ఇప్పుడు ఇటాలియన్ మాటలాడే కుటుంబాలు ఆదివారం సాయంత్రం వెతుక్కుంటూ వెళ్లేది ఈ స్లోవేన్ పేరున్న ఇళ్లకే.

అయితే సంగమం అన్న మాట ఒక్కటే పట్టుకుంటే, ఆ నేలమీద జరిగిన బలవంతాలు కనిపించకుండా పోతాయన్నది మరో వాదన. దాన్ని నేనూ తీసిపారేయలేను. 1920 జులైలో త్రియెస్తేలోని స్లోవేన్ల సాంస్కృతిక భవనం నారోద్నీ దోమ్‌ను ఫాసిస్టులు తగలబెట్టారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో స్లోవేన్ బడులు మూతపడ్డాయి, ఇంటిపేర్లను, ఊరిపేర్లను ఇటాలియన్‌లోకి మార్పించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యుగోస్లావియా కిందికి వెళ్లిన ఇస్త్రియా ప్రాంతం నుంచి పెద్ద సంఖ్యలో ఇటాలియన్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చేశారు. కాబట్టి ఒక పళ్లెంలో మూడు సంస్కృతులు ఇమడడం ఆ మూడూ ఎప్పుడూ సఖ్యంగా ఉన్నాయనడానికి రుజువు కాదు. వంట పక్కింటినుంచి నేర్చుకోవడానికి స్నేహం అక్కర్లేదు. ఒకే వాతావరణం, ఒకే పంట, ఒకే చలికాలం సరిపోతాయి.

తోట నడుమ నుంచి వెళ్లిన గీత

గొరీజియాకు పడమరగా ఉన్న కొండల్ని ఇటలీలో కొల్లియో అంటారు, స్లోవేనియాలో బర్దా అంటారు. రెండు పేర్లకూ కొండలనే అర్థం. నేల కూడా ఒక్కటే. పూర్వపు సముద్రగర్భంలో సున్నపుమన్ను, ఇసుకరాయి పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడిన రాయి అది. చేతిలో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. దాన్ని ఫ్రియూలియన్లు పొంకా అంటారు, స్లోవేన్లు ఒపోకా అంటారు.

1947 ఫిబ్రవరిలో పారిస్‌లో కుదిరిన శాంతి ఒప్పందం ప్రకారం, ఆ సెప్టెంబరు నుంచి ఈ కొండల మీదుగా ఇటలీ, యుగోస్లావియాల సరిహద్దు అమల్లోకి వచ్చింది. గొరీజియా పట్టణం ఇటలీకి దక్కింది కానీ దాని చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు అవతలికి పోయాయి. అవతలి పక్షం 1948లో నోవా గొరిత్సా అనే కొత్త పట్టణాన్ని కట్టడం మొదలుపెట్టింది. మీరెన్ అనే ఊళ్లో శ్మశానం మధ్యనుంచే సరిహద్దు వెళ్లింది. 1975 ఒసీమో ఒప్పందం దాకా అక్కడ సమాధులు రెండు దేశాల్లో ఉండిపోయాయి. అలాగే ఇల్లు ఒక దేశంలో, తోట మరో దేశంలో మిగిలిన రైతులూ ఉన్నారు. స్లోవేనియా 2004లో ఐరోపా సమాఖ్యలోకి, 2007 డిసెంబరులో తనిఖీలు లేని సరిహద్దుల కూటమి షెంగెన్‌లోకి వచ్చాక ఆ గీత మీద తనిఖీలు పోయాయి. 2023 అక్టోబరులో ఇటలీ భద్రతా కారణాలు చూపి తనిఖీలను మళ్లీ మొదలుపెట్టింది.

ద్రాక్ష పేరు వేరు, ఊరి పేరు వేరు

ఇక అసలు చిక్కు. వైన్ చీటీ మీద పేరు రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి ద్రాక్ష రకం పేరు. ఆ మొక్క ఎక్కడ నాటినా ఆ పేరు వాడుకోవచ్చు. రెండోది భౌగోళిక గుర్తింపు, మనం జీఐ అంటున్నది. అది ఫలానా హద్దుల లోపల, ఫలానా పద్ధతిలో చేసినవారికే చెందుతుంది.

తెలుగువాళ్లకు ఈ తేడా చెప్పడానికి బనగానపల్లె మామిడిని మించిన ఉదాహరణ లేదు. బనగానపల్లె ఊరి పేరు. కాలక్రమంలో అది కాయ పేరైంది. తెలంగాణలోనూ, తమిళనాడులోనూ పండిన కాయనూ బంగినపల్లి అనే కొంటాం. 2017లో ఆ మామిడికి ఆంధ్రప్రదేశ్ పక్షాన భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు కాయ పేరుగా మారిపోయాక, దాన్ని తిరిగి ఊరికే పరిమితం చేయాలంటే, అదే కాయను వేరేచోట పండించేవారు దాన్ని ఏమని పిలవాలి? బేనిషా వంటి రెండో పేరు ఒకటి ఉంది కాబట్టి మనకు సమాధానం దొరుకుతుంది. ఫ్రియూలీలో వైన్లకు ఈ ప్రశ్న రెండుసార్లు ఎదురైంది, రెండు వేర్వేరు ఫలితాలొచ్చాయి.

తొకాయ్: పేరు పోగొట్టుకున్న వైన్

ఫ్రియూలీ జనం రోజూ మధ్యాహ్నమో సాయంత్రమో తాయుత్ అని పిలిచే చిన్న గ్లాసుతో తాగే తెల్ల వైన్‌కు తరతరాలుగా ఉన్న పేరు తొకాయ్ ఫ్రియూలానో. అది ద్రాక్ష రకం పేరు. శాస్త్రీయంగా అది సొవిన్యొనాస్ అనే రకమే. హంగరీలో తొకాయ్ అనే ఊరుంది. దాని చుట్టూ ఫుర్మింత్, హార్ష్‌లెవెలూ అనే ద్రాక్షలతో చేసే తియ్యటి వైన్ ఐరోపాలో రాజుల బల్లల మీదికి ఎక్కినది. రెండు వైన్లకూ ద్రాక్షలో పోలిక లేదు, రుచిలో పోలిక లేదు.

1993లో ఐరోపా సమాజం (ఇప్పటి ఐరోపా సమాఖ్య) హంగరీతో వైన్ పేర్ల మీద ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం తొకాయ్ అనే మాటను హంగరీకే వదిలిపెట్టి, ఇటలీ రైతులు 2007 మార్చి 31 లోగా మానేయాలి. హంగరీ వాదన సూటిగా ఉంది: తొకాయ్ మా ఊరు, మా వైన్‌కు ఆ ఊరివల్లే పేరొచ్చింది, కొనేవాడు మోసపోకూడదు. ఫ్రియూలీ రైతుల వాదనకూ బలముంది: మా తాతల నాటి నుంచీ మేం పిలుస్తున్న పేరిది, మేం తయారుచేసేది మరో రకం వైన్, దాన్ని చూసి హంగరీ వైన్ అనుకునేవాడు ఎవడూ లేడు, పైగా ఇన్నాళ్లు పెంచిన పేరును నష్టపరిహారం లేకుండా లాక్కోవడం ఆస్తిని లాక్కోవడమే.

2005 మే 12న ఐరోపా న్యాయస్థానం తీర్పిచ్చింది. దాని తర్కం ఇలా ఉంది. ఒకే ఉచ్చారణ గల రెండు ఊళ్ల పేర్లు ఢీకొంటే, ప్రపంచ వాణిజ్య నియమాలు రెండింటినీ బతకనిస్తాయి. కానీ ఇటలీలో తొకాయ్ అన్న ఊరు లేదు, ఉన్నది ద్రాక్ష పేరు మాత్రమే. ఊరి పేరు ముందు ద్రాక్ష పేరు నిలవదు. పేరు మార్చినంత మాత్రాన రైతు వైన్ అమ్ముకునే దారి మూసుకుపోదు కాబట్టి ఆస్తి హక్కు పోయినట్టు కాదు. ఆ తర్వాత ఫ్రియూలీలో ఆ వైన్ కేవలం ఫ్రియూలానో అయింది. పక్కనున్న వెనెతో ప్రాంతంలో తాయ్ అయింది. స్లోవేనియా కొండల్లో కొందరు యాకోత్ అని రాశారు. రోమన్ లిపిలో తొకాయ్‌ను చివరినుంచి మొదటికి చదివితే వచ్చే మాట అది. పేరు పోయిన బాధను అంత చిన్న మాటలో చెప్పిన ఉపాయం నాకు మరొకటి తెలియదు.

ఇప్పుడు కొండకు ఇరువైపులా చెరో ఎకరం ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత ఒకే మొక్క నుంచి అంటు తీసి రెండు ముక్కల్లోనూ నాటాడు. ఇటలీ వైపు పండినది కొల్లియో ఫ్రియూలానో. స్లోవేనియా వైపు పండినది బర్దా సొవిన్యొనాస్. తాత బతికున్నప్పుడు రెండూ తొకాయే.

ప్రొసెక్కో: ఊరిని ముందుకు తెచ్చిన ఉపాయం

తొకాయ్ అనుభవం నుంచి ఇటలీ పాఠం నేర్చుకుంది. బుడగలొచ్చే ప్రొసెక్కో వైన్ అప్పటికే ప్రపంచమంతటా అమ్ముడవుతోంది. కానీ 2009 దాకా ప్రొసెక్కో కూడా ద్రాక్ష రకం పేరే. అంటే ఎవరైనా ఆ మొక్క నాటి ఆ పేరు పెట్టుకోవచ్చు. త్రియెస్తే శివార్లలో ప్రొసెక్కో అనే పల్లె ఉంది. స్లోవేన్‌లో దాన్ని ప్రొసెక్ అంటారు. 2009లో ఇటలీ రెండు పనులు ఒకేసారి చేసింది. ద్రాక్షకు గ్లేరా అనే మరో పాత పేరు ఖాయం చేసింది. ప్రొసెక్కోను ఊరి పేరుగా మార్చి, ఆ పల్లె కూడా లోపలికి వచ్చేలా వెనెతో, ఫ్రియూలీ ప్రాంతాల్లోని తొమ్మిది జిల్లాలను కలిపి పెద్ద హద్దు గీసింది.

ఇది రైతులను కాపాడిన చర్య అని సమర్థించేవారి మాట: కల్తీ పేర్లు ఆగాయి, నాణ్యత నియమాలొచ్చాయి. విమర్శించేవారి మాట: ప్రొసెక్కో ఎక్కువగా తయారయ్యేది ఆ పల్లెకు దూరంగా ఉన్న వెనెతోలో, కాబట్టి ఆ ఊరు హద్దు చూపించడానికి ఆధారంగా మాత్రమే పనికొచ్చింది. ఆస్ట్రేలియా తయారీదారులు, తాము మొక్క తెచ్చుకున్ననాడు అది ద్రాక్ష పేరే కదా అని అడుగుతూ వచ్చారు.

క్రొయేషియాతో తగువు ఇంకో మలుపు. దల్మాషియా తీరంలో ఎండబెట్టిన ద్రాక్షతో చేసే, బుడగలు లేని తియ్యటి వైన్ పేరు ప్రోషెక్. దాన్ని సంప్రదాయ పదంగా గుర్తించాలన్న క్రొయేషియా దరఖాస్తును 2021 సెప్టెంబరులో ఐరోపా కమిషన్ ప్రకటించగానే ఇటలీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ప్రొసెక్ అన్నది తమ ఊరికే ఉన్న స్లోవేన్ పేరు కాబట్టి రెండూ ఒకే మాట అని ఇటలీ వాదన. వైన్ వేరు, చేసే తీరు వేరు, పేరు శతాబ్దాలనాటిది అని క్రొయేషియా వాదన. తొకాయ్ విషయంలో ఫ్రియూలీ రైతులు చెప్పిన మాటలనే ఇక్కడ దల్మాషియా రైతులు చెబుతున్నారన్నది గమనించాల్సిన సంగతి.

త్రియెస్తే పైనున్న సున్నపురాతి పీఠభూమిలో, ఎర్రమట్టిలో పండే తెరాన్ అనే ఎర్ర వైన్ మీద స్లోవేనియా, క్రొయేషియాల మధ్య ఇలాంటి తగువే నడిచింది. అక్కడ మాత్రం మధ్యేమార్గం దొరికింది. తమ ప్రాంతం పేరు పక్కన ఉంచి ద్రాక్ష పేరుగా తెరాన్ అని రాసుకోవడానికి 2017లో క్రొయేషియాకు అనుమతి వచ్చింది. స్లోవేనియా వేసిన దావాను 2020లో ఐరోపా న్యాయస్థానం కొట్టేసింది.

చీటీ మీద ఇమడని వైన్

గొరీజియాను ఆనుకుని ఒస్లావియా అనే చిన్న ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇసోంజో నది ఒడ్డున 1915 నుంచి 1917 దాకా జరిగిన పన్నెండు పోరాటాల్లో ఆ ఊరు నేలమట్టమైంది. ఇటలీ పౌరులే అయినా ఇంట్లో స్లోవేన్ మాట్లాడే రైతులు అక్కడ ఎక్కువ. వాళ్లు పండించే ప్రధాన ద్రాక్ష రిబొల్లా జాల్లా. గీత అవతల దాన్నే రెబులా అంటారు.

తెల్ల వైన్ చేసేటప్పుడు ద్రాక్షను పిండి, తొక్కల్ని వెంటనే తీసేసి రసాన్ని మాత్రమే పులియబెట్టడం ఇప్పటి వాడుక. 1960ల్లో కొల్లియోలో మారియో స్కియొపెత్తో వంటివారు చల్లబరిచే స్టీలు తొట్లతో తేటైన తెల్ల వైన్లు చేసి ఈ ప్రాంతానికి పేరు తెచ్చారు. ఒస్లావియాలో యోష్కో గ్రావ్‌నర్, స్తాంకో రాదికోన్ వెనక్కి చూశారు. పూర్వం పల్లెల్లో చేసినట్టు తొక్కలతో సహా వారాల తరబడి, నెలల తరబడి పులియనిచ్చారు. తొక్కలోని రంగు, వగరు రసంలోకి దిగి, వైన్ తేనె రంగుకు, కొన్నిసార్లు రాగి రంగుకు తిరుగుతుంది. నోట్లో టీ డికాక్షన్ తాగినప్పటి బిగువు తగులుతుంది. ప్రపంచం ఇప్పుడు దీన్ని ఆరెంజ్ వైన్ అంటోంది. గ్రావ్‌నర్ 2000లో జార్జియా వెళ్లి, నేలలో పాతిపెట్టే మట్టి కాగుల్లో వైన్ పులియబెట్టడం చూసి వచ్చి, 2001 నుంచి తానూ అలాగే చేస్తున్నాడు.

ఈ వైన్లు కొల్లియో కొండల్లోనే పండుతాయి. అయినా గ్రావ్‌నర్, రాదికోన్‌ల సీసాల మీద కొల్లియో అని ఉండదు, అంతకంటే విశాలమైన వెనేజియా జూలియా అనే గుర్తింపు ఉంటుంది. ఆ పేరు కూడా నేలలోంచి మొలిచినది కాదు. గొరీజియాలో పుట్టిన భాషాశాస్త్రవేత్త గ్రాజియాదియో ఇసాయా అస్కోలి 1863లో దాన్ని కల్పించాడు. ఆనాటికి ఆ ఊరు ఇంకా ఆస్ట్రియాదే.